మా తారీఖుకు కరెంట్

నెల సగానికి వచ్చేసరికి నా చేతులు ఒకచోట నిలవవు. వచ్చే నెలలో ఎవరెవరికి శాశ్వత నివాసపు వీసాలు ఇవ్వగలరో చెప్పే పట్టికను అమెరికా ప్రభుత్వం ఆ రోజుల్లోనే విడుదల చేస్తుంది. ఫలానా రోజని ముందుగా చెప్పరు. కాబట్టి పొద్దున్నే పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, పాలు పొంగేలోపు ఫోనులో ఆ పుట తెరుస్తాను. కొత్త పట్టిక లేకపోతే మూసేస్తాను. చాయ్ వడపోసి మళ్లీ తెరుస్తాను. పట్టికలో అడ్డువరుసలు బంధుత్వాలవి, నిలువువరుసలు దేశాలవి. తోబుట్టువుల వరుస, మన దేశపు వరుస కలిసే గడిలో ఒక తారీఖు ఉంటుంది. ఇరవై ఏళ్లుగా మా ఇంటిల్లిపాదీ ఆ ఒక్క గడికేసి చూస్తూ బతికాం.

మా అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. ఇద్దరం బెల్లంపల్లి కంపెనీ క్వార్టర్లలో పెరిగాం. బాపు, అంటే మా నాన్న, బొగ్గుగనిలో పనిచేసేవాడు; మా దిక్కు గనిని బాయి అంటారు. అక్క నర్సింగు చదివి మొదట గల్ఫ్‌కు, అక్కడినుంచి అమెరికాకు వెళ్లింది. అక్కడి పౌరసత్వం రాగానే తోబుట్టువుల తరగతి కింద నా పేరున పిటిషన్ పెట్టింది. నాతోపాటు నా భర్త, మా అమ్మాయి కూడా వెళ్లవచ్చు. అక్కకు పిల్లలు లేరు. భర్తతో ఏనాడో విడిపోయింది. మా ముగ్గురి కోసమూ పెట్టిన దరఖాస్తే అయినా, ఆమె మనసులో అది మా అమ్మాయి కోసం పెట్టినదని నాకు తెలుసు. ఆ పిల్ల కోసం ఒక గదికి గులాబిరంగు వేయించింది. పిల్ల పెరిగేకొద్దీ రంగు పిల్లతనంగా ఉందని రెండుసార్లు మార్పించింది.

దరఖాస్తు ఆ దేశపు కార్యాలయానికి చేరిన తారీఖే వరుసలో మన స్థానం. గడిలోని తారీఖు మన తారీఖును దాటిన నెలలో మన వంతు వచ్చినట్టు. దానికి వాళ్లు వాడే మాట కరెంట్. ఈ సంగతి అక్క ఫోనులో నాకు మొదటిసారి చెప్పిన రోజున అవ్వ పక్కనే కూర్చుని వింటోంది. బాపు పోయిన తర్వాత మా అమ్మ మా దగ్గరే ఉంటోంది; మేం ఆమెను అవ్వ అనే పిలుస్తాం. అక్క గొంతు ఫోను బయటికి కూడా వినపడేంత పెద్దది.

"మన తారీఖు కరెంట్ కాలే చెల్లే. ఇంకా ఏండ్లు పడతదట" అంది అక్క.

నేను ఫోను పెట్టేశాక అవ్వ అడిగింది: "ఏందే, అమెరికాల గూడ కరెంట్ లేదా?"

నేను వృత్తిరీత్యా విద్యుత్ ఇంజనీర్ని. అవ్వకు వివరించి చెప్పబోయాను. కరెంటంటే అక్కడ మరో అర్థమనీ, చెల్లుబాటులోకి రావడమనీ అన్నాను. అవ్వ వినలేదు, లేదా విననట్టు నటించింది. "మంచిగనే ఉన్నది. మండలం మొత్తానికి కరెంట్ ఇస్తవు, నీ బిడ్డ తారీఖుకు ఇయ్యరాదా?" అంది. ఆ రోజునుంచి మా ఇంట్లో మాట స్థిరపడిపోయింది. పట్టిక వచ్చిన ప్రతినెలా అవ్వ "కరెంట్ వచ్చిందా?" అని అడిగేది. గడి కదలకపోతే "రాలే". కొన్నిసార్లు ఆ తారీఖు ముందుకు వచ్చినట్టే వచ్చి నెలలకు నెలలు వెనక్కి పోయేది. అప్పుడు "పోయింది" అనేవాళ్లం. పక్కింటివాళ్లు ఎన్నోసార్లు తమ ఇంట్లో స్విచ్ వేసి చూసుకున్నారు.

గడి ఎందుకు కదలదో మా ఇంట్లో అందరికంటే ముందు నాకే అర్థమైంది. దానికి కారణం మంథని దగ్గరి సబ్‌స్టేషన్.

నా ఉద్యోగపు తొలి ఏళ్లలో వ్యవసాయానికి కరెంట్‌ను విడతలవారీగా ఇచ్చేవాళ్లం. పైనుంచి మాకు వచ్చే విద్యుత్తు ఇంతేనని నిర్ణయమై ఉండేది. దాన్ని ఫీడర్లకు, అంటే సబ్‌స్టేషన్‌నుంచి ఊళ్లకు వెళ్లే లైన్లకు, పంచాలి. ఒక్కో ఫీడర్ మీద ఫలానా లోడ్ మించకూడదని పరిమితి. గోదావరి ఒడ్డున వరి వేసే ఊళ్లకు వెళ్లే ఫీడర్ మీద వందల మోటర్లు ఉండేవి. మెరక పొలాల వైపు వెళ్లే మరో ఫీడర్ మీద పదుల్లోనే ఉండేవి. పరిమితి మాత్రం రెండింటికీ ఒకటే. మెరక వైపు మోటర్లు ఎప్పుడంటే అప్పుడు నడిచేవి. వరి ఊళ్ల మోటర్లను గుంపులుగా విడగొట్టి, ఒక గుంపు తర్వాత ఒక గుంపుకు వంతు ఇచ్చేవాళ్లం. ఒకరోజు ఒక రైతు సబ్‌స్టేషన్ గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి, గొంతు పెంచకుండానే అడిగాడు. "మా దిక్కు గన్ని మోటర్లు, ఆ దిక్కు గిన్ని. ఇద్దరికీ ఒక్కటే కొలత పెడితిరి. గిదేం లెక్క మేడం?"

అన్ని ఫీడర్లనూ సమానంగా చూడాలన్నది నిబంధన అని చెప్పాను. "మీ పని ఎవరూ ఆపట్లేదు, ఇక్కడ ఎవరూ ఆలస్యం చెయ్యట్లేదు, ఉన్నదే అంత. జర ఆగుండ్రి, మీ వంతు వస్తది" అన్నాను. ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

వీసాల పంపకం కూడా అదే పద్ధతిలో జరుగుతుంది. ఏడాదికి ఇన్ని అని చట్టంలో ఒక అంకె ఉంది. అందులో ఏ దేశమైనా ఇంత వాటాకు మించకూడదని మరో గీత ఉంది. చిన్న దేశానికీ మన దేశానికీ గీత ఒకటే. కొన్ని దేశాల్లో అడిగేవాళ్లు తక్కువ, కాబట్టి వాళ్ల వరుస చకచకా సాగుతుంది. మన వరుసలో నిలబడ్డవాళ్లు లెక్కలేనంత మంది. గుమాస్తా ఎంత వేగంగా కాగితాలు తిప్పినా, ఇవ్వవలసిన అంకె అయిపోయాక ఇవ్వడానికి ఏమీ ఉండదు. అక్క ఏటా ఒకసారి అక్కడి వకీలుకు ఫోను చేసి, మా ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందని అడిగేది. ఏ బల్ల మీదా ఆగలేదని ఆయన చెప్పేవాడు. అక్క నమ్మేది కాదు. ఎవరో ఒకరు ఆపుతున్నారనుకుంటే ఆమెకు కొంత నయంగా ఉండేది, ఆపినవాళ్లను బతిమాలుకోవచ్చు.

తారీఖు వెనక్కి పోవడం అక్కకు మరీ అన్యాయంగా తోచేది. ఇచ్చింది తిరిగి గుంజుకోవడం ఏమిటని ఏడ్చేది. నాకు అది కూడా తెలిసిన వ్యవహారమే. అప్పట్లో రైతులు మోటర్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవారు. కరెంట్ రాగానే మనిషి లేకుండానే మోటర్ ఎక్కుతుంది. అన్నీ ఒక్క క్షణంలో ఎక్కితే లైను ఆ భారం మోయలేక సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ పడిపోతుంది. అప్పుడు అందరికీ పోతుంది. మళ్లీ కొద్దికొద్దిగా ఇవ్వాలి. ఏడాది చివర అంకెలు మిగిలిపోతాయేమోనన్న భయంతో అక్కడి అధికారులు తారీఖును ఒక్కసారిగా ముందుకు జరుపుతారు. అన్నాళ్లుగా కాచుకుని ఉన్నవాళ్లందరూ ఒకేసారి కాగితాలతో వచ్చి పడతారు. అంకె చాలదు. తారీఖు వెనక్కి వస్తుంది. ఇదంతా చెబితే అక్క "నువ్వు గూడ వాళ్ల దిక్కే మాట్లాడుతున్నవు" అంది.

అర్థమైనంత మాత్రాన నా కుదురు నాకు దక్కలేదు. మా వరుసకు మరో గడియారం కూడా కట్టి ఉంది. పిల్లలు తల్లిదండ్రుల దరఖాస్తులో భాగంగా వెళ్లాలంటే ఇరవై ఒక్క ఏళ్లలోపు ఉండాలి. అక్క పిటిషన్ పెట్టినప్పుడు మా అమ్మాయి నర్సరీలో ఉంది. పదిహేడేళ్లకో పద్దెనిమిదేళ్లకో వంతు వచ్చినా సరిపోతుందనుకున్నాం. ఆ ఏళ్లు దాటాయి. ఇరవై ఒకటి కూడా దాటింది. అయినా ఆశ మిగలడానికి కారణం చట్టంలోని ఒక వెసులుబాటు. పిటిషన్ ఆమోదం కోసం కార్యాలయంలో ఎంతకాలం ఉందో, అంతకాలాన్ని పిల్ల వయసులోంచి తీసేస్తారు. మాది మూడేళ్లకు పైగా ఉంది. అంటే మా అమ్మాయికి ఇరవై నాలుగు నిండి మరికొన్ని నెలలు గడిచేవరకు చట్టం దృష్టిలో ఆమె పిల్లే. ఆ గడువు ఒక జులై నెల మధ్యలో ముగుస్తుందని లెక్క కట్టాను. లెక్కను మూడు పద్ధతుల్లో సరిచూశాను. జులై ఒకటో తారీఖుకల్లా మా వంతు వస్తే అమ్మాయి మాతో వస్తుంది. ఆగస్టులో వస్తే రాదు.

ఈలోగా మేము పోయేటోళ్లం అయిపోయాం. మా వీధిలో మా ఇంటి గుర్తు అదే. కరీంనగర్‌లో ఇల్లు కట్టినప్పుడు పై అంతస్తు కోసం పిల్లర్ల చువ్వలు స్లాబు మీదికి వదిలాం. ఎలాగూ వెళ్లిపోతాం కదా అని మా ఆయన పైది కట్టించలేదు. చువ్వలకు తుప్పు పట్టింది. అవ్వ వాటికి తీగ కట్టి బట్టలు ఆరేసేది. మా మేస్త్రీ ఎప్పుడు కనపడినా "సార్, మీరు పోయేలోపట మీ చువ్వలే పోయేటట్టున్నయ్" అనేవాడు. నేను ప్రమోషన్ మీద వచ్చిన బదిలీని ఒకసారి వద్దనుకున్నాను. ఫ్రిజ్ చల్లబరచడం మానేసి గుర్రుమంటుంటే రెండు వేసవులు దానితోనే గడిపాం.

వీటన్నింటికంటే ఎక్కువ వదులుకున్నది మా అమ్మాయి. పెద్దమ్మలాగే నర్సింగు చదివింది. ఆదిలాబాద్‌లో ప్రభుత్వాసుపత్రిలో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. చేరితే కొన్నేళ్లు కచ్చితంగా చెయ్యాలన్న షరతు ఉంది. మధ్యలో కరెంట్ వస్తే ఎలా అని మేమే ఆలోచనలో పడేశాం. ఆమె చేరలేదు. ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఏడాదికో కాగితం రాసుకుంటూ పనిచేసింది. సంబంధాలు వస్తే చూడనిచ్చేది కాదు. పెళ్లయితే దరఖాస్తులోంచి పేరు పోతుంది. ఒకసారి ఆమె స్నేహితురాలి పెళ్లినుంచి వచ్చి, పట్టుచీర మడతపెడుతూ, "నాకు ఏది అడిగినా జవాబు అమెరికాల ఉన్నదమ్మా" అంది. నవ్వుతూనే అంది. నేను చీర రెండో కొస పట్టుకుని మడత సరిచేశాను.

ఆ ఏడు వేసవిలో గడి కదలడం మొదలైంది. మార్చిలో కొంచెం, ఏప్రిల్‌లో మరికొంచెం. ఆ పట్టికలో తారీఖులు సాధారణంగా నెలలో ఒకటి, ఎనిమిది, పదిహేను, ఇరవై రెండు మీదనే ఆగుతాయి. మాది ఎనిమిది. జూన్ పట్టికలో గడి సరిగ్గా మా నెలలోకి వచ్చి, ఒకటో తారీఖు మీద ఆగింది. ఇంకొక్క మెట్టు. అక్క తన ఇంట్లో గదికి మళ్లీ రంగు వేయించింది, ఈసారి తెలుపు. మా అమ్మాయి ఆసుపత్రిలో కొత్త కాగితం మీద సంతకం పెట్టకుండా ఆపింది. అవ్వ ఒక్కతే ఏ హడావుడీ పడలేదు. "కరెంట్ వచ్చినంక చెప్పుండ్రి. స్తంభాలు పాతినప్పుడే దీపాలు పెడతరా?" అంది.

జూన్ మధ్యలో ఒక పొద్దున జులై పట్టిక వచ్చింది. నేను పాలగిన్నె దగ్గర ఉన్నాను. నాకంటే ముందే అక్క చూసింది. ఆమెకు సాయంత్రం కాబట్టి తీరిక. ఫోను ఎత్తగానే ఏడుస్తోంది. "వచ్చిందే. ఎనిమిదే. మన తారీఖే ఉన్నది. నా బిడ్డ వస్తది."

మా ఆయన అప్పటికే అంగీ తొడుక్కుని స్వీటు కొట్టుకు బయలుదేరారు. అంత పొద్దున కొట్టు తెరవరన్న స్పృహ కూడా లేదు. నేను గడి చూశాను. ఎనిమిది. నెల మాదే, సంవత్సరం మాదే. ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి మళ్లీ చూశాను. అప్పుడు పట్టిక పైన ఎప్పుడూ ఉండే వాక్యం దగ్గరికి వెళ్లాను. అది ప్రతినెలా అక్కడే ఉంటుంది. ఇన్నేళ్లలో దాన్ని ఎన్నోసార్లు చదివాను కానీ దానితో పని పడలేదు. గడిలో చూపిన తారీఖు కంటే ముందు తారీఖు ఉన్నవారికే వీసా అందుబాటులో ఉంటుంది, అని దాని భావం. ముందు. ఆ తారీఖువారికి కాదు. గడిలో కనిపించే తారీఖు, అంకె దొరకని మొదటి మనిషిది.

కొలతల పనిలో ఉన్నవాళ్లకు ఇలాంటి తేడా కొత్తది కాదు. ఫలానా అంకె వరకు అనడం ఒకటి, ఫలానా అంకెకు లోపు అనడం మరొకటి. ఎంత భారానికి లైను తెగాలో నిర్ణయించే రిలే సెట్టింగులో ఈ తేడాను చూడని కుర్ర ఇంజనీర్లను నేనే మందలించాను. బస్టాండులోనో ఆసుపత్రిలోనో మన నంబర్ బోర్డు మీద పడితే మన వంతు వచ్చినట్టు. అందరూ అదే చదువుతారు. మా ఇంట్లోనూ అదే చదివారు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

అక్కకు చెప్పాను. నమ్మలేదు. వకీలుకు ఫోను చేసి, గంటలో మళ్లీ నాకు చేసింది. ఈసారి గొంతు బయటికి వినపడేది కాదు. అయినా నేను పెరట్లోకి వెళ్లి మాట్లాడాను. వకీలు కూడా అదే చెప్పాడట. ఆ తర్వాత ఆమె అంది. "గా నాలుగు రోజులు ముందు పంపితే అయిపోతుండె చెల్లే. కవర్ నా బ్యాగులనే ఉండె."

నాకు గుర్తుంది. ఆమె కాగితాలన్నీ సిద్ధం చేసి, మరుసటి రోజు పోస్టు చేస్తానని చెప్పడానికి ఇంటికి ఫోను చేసింది. అవ్వ వేళ్ల మీద లెక్కబెట్టి అమాస దగ్గరపడిందంది. మంచి పని అమాస ముంగట షురూ చెయ్యొద్దనీ, అమాస వెళ్లి విదియ వచ్చాక పంపమనీ చెప్పింది. అక్క ఆగింది. విదియ నాటి పొద్దున పోస్టు చేస్తే అది ఎనిమిదిన చేరింది.

"అవ్వకు చెప్పకు" అంది అక్క.

వెనక్కి తిరిగేసరికి అవ్వ గడప దగ్గర చిక్కుడుకాయల చాట ఒళ్లో పెట్టుకుని ఉంది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు. కాయ ఈనె తీస్తూ, నా వైపు చూడకుండా అడిగింది. "గా అమాస సంగతేనా?"

నేను ఇంజనీరు పద్ధతిలో జవాబు చెప్పాను. నాలుగు రోజులు ఒక్క కారణం కాదన్నాను. పిటిషన్ ఆమోదానికి ఇంకో నెల ఎక్కువ పట్టి ఉంటే పిల్ల గడువు ఇంకో నెల పెరిగేదన్నాను. మధ్యలో రెండుసార్లు తారీఖు వెనక్కి పోయిందన్నాను. అసలు కారణం దేశానికి ఇంతేనన్న గీత అన్నాను. చెప్పినవన్నీ నిజాలే. అవ్వ వింటూ ఈనె తీసిన కాయలనే మళ్లీ తీస్తోంది.

మా అమ్మాయి అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. అమాస మాట దగ్గరనుంచీ విన్నట్టుంది. కొట్టు తెరిచేదాకా ఉండి తిరిగొచ్చిన తండ్రి వాకిట్లో ఆమెకు పట్టిక సంగతి చెప్పినట్టున్నారు, ఆయన తెచ్చిన మిఠాయి పొట్లం ఆమె చేతిలోనే ఉంది. వచ్చి అవ్వ పక్కన నేల మీద కూర్చుంది. పొట్లం విప్పి ఒక ముక్క అవ్వ నోటి దగ్గర పెట్టింది.

"అమ్మమ్మా, నువ్వు ఆగుమనకపోతే పెద్దమ్మ గా కవర్ పోస్టు చేసుడే మర్చిపోతుండె. ఆమెకు స్టవ్ బందు చేసుడే యాదికుండది. నీ అమాసతోటే కవర్ పోస్టుల పడ్డది" అంది.

అవ్వ ముక్క తీసుకోలేదు. చాట పక్కన పెట్టి మనవరాలి చెయ్యి పట్టుకుంది. "నాకు తారీఖులు ఎరుకలే బిడ్డా. తిథులే ఎరుక" అంది. కొంతసేపటికి ముక్క తీసుకుని కొంగున కట్టుకుంది.

ఆగస్టు పట్టికలో గడి మా తారీఖును దాటింది. మా ఆయనకూ నాకూ కరెంట్ వచ్చింది. అమ్మాయి పేరు అందులో లేదు. అక్క ఫోనులో ఆ నెలంతా ఒకటే మాట. మీరిద్దరూ రండి. వచ్చి గ్రీన్ కార్డు తీసుకుంటే, తర్వాత మీరే పిల్ల కోసం దరఖాస్తు పెట్టవచ్చు. పెళ్లికాని పెద్ద పిల్లలకు వేరే తరగతి ఉంది. అది నిజమే. ఆ తరగతి గడి ఎక్కడుందో కూడా నేను చూశాను. అక్కడా మన దేశానికి అదే గీత. ఎన్ని ఏళ్లో కచ్చితంగా చెప్పలేను. పిల్ల ముప్ఫైలు చాలావరకు గడుస్తాయి. అంతవరకు పెళ్లి చేసుకోకూడదు. అక్క తరఫున నేనే ఈ విషయం అమ్మాయి ముందు పెట్టాను. అన్నం తింటున్న పిల్ల చెయ్యి కంచంలో ఆగింది.

"నన్ను మల్ల లైన్ల నిలబెట్టకమ్మా. నాకు ఇంకో తారీఖు వద్దు" అంది. ఆ తర్వాత, పెరుగు వేసుకుంటూ, "మీరు పోతే పోండ్రి. నా కోసం అని మాత్రం పోకుండ్రి" అంది.

ఆదిలాబాద్ ఆసుపత్రిలో మళ్లీ ఖాళీలు పడ్డాయి. ఈసారి ఆమె మమ్మల్ని అడగలేదు, చెప్పింది. బస్సెక్కించడానికి నేనూ మా ఆయనా వెళ్లాం. ఇప్పుడు రెండు మూడు రోజులకొకసారి ఫోను చేస్తుంది. అటువైపు మాటలో మరాఠీ కలుస్తుంది. పల్లెలనుంచి వచ్చే ఆడవాళ్లు తనను బాయీ అని పిలుస్తున్నారని నవ్వుతూ చెప్పింది. అమ్మా అన్నట్టు, మర్యాదకు. అది విని అవ్వ చాలా రోజుల తర్వాత నోరు విప్పింది. "మీ తాత బాయిల దిగి దిగి పాయె. ఇప్పుడు నువ్వే బాయివైతివా?"

అదే ఫోనులో, ఫోను పెట్టేముందు, అలవాటు కొద్దీ అవ్వ అడిగేసింది. "ఏమాయె బిడ్డా, కరెంట్ వచ్చిందా?"

"వచ్చింది అమ్మమ్మా. నా మోటరే తీసేసిన్రు" అంది మా అమ్మాయి.

అవ్వ నవ్వలేదు. ఫోను నాకిచ్చి పెరట్లోకి వెళ్లింది.

మాకు వచ్చిన నోటీసుకు ఏడాదిలోగా జవాబు రాయాలి. ఆ గడువులో ఏమీ చెయ్యకపోతే దరఖాస్తు రద్దవుతుంది. ఇన్నేళ్లూ అంకె కోసం మేము కాచుకున్నాం. ఇప్పుడు అంకె మా కోసం కాచుకుని ఉంది. నేను రోజూ ఆ నోటీసు తెరిచి, మొదటి గడి దగ్గర ఆగి, మూసేస్తున్నాను. వెళ్తే అక్క ఒంటరితనానికి ఒక జవాబు. ఇద్దరం ముసలివాళ్లమయ్యేలోగా ఒక కప్పు కింద కొన్నేళ్లు ఉండొచ్చు. కానీ ఆమె తెల్లరంగు వేయించిన గది నా కోసం కాదు. అక్కడికి వెళ్తే పిల్ల కోసం కొత్త దరఖాస్తు పెట్టకుండా ఆమె నన్ను ఉండనివ్వదు, నేనూ ఉండలేను. పిల్ల వద్దన్నది అదే.

నెల మధ్యలో పట్టిక చూడటం కూడా మానలేదు. మాకు దానితో పని లేదు. మా గడిలో ఇప్పుడు ఎవరిదో తారీఖు ఉంది. ఆ తారీఖువాళ్లు ఈ పూట మిఠాయి తెచ్చుకుని ఉంటారా అని ఆలోచిస్తాను.

మొన్న ఆదివారం మా ఆయన నాతో అనకుండా మేస్త్రీని పిలిపించారు. ఇద్దరూ పైకెక్కారు. నేను కింద చాయ్ పెడుతుంటే అక్క ఫోను వచ్చింది.

"రాసినవా?"

"ఇంకా రాయలే అక్కా."

"ఇంకెన్ని రోజులు చూడాలె నేను?" అంది. గొంతు మళ్లీ పెద్దదైంది. నాకు కొంత నిమ్మళంగా అనిపించింది.

జర ఆగు అనబోయాను. మంథని గేటు దగ్గర చెప్పులు వేసుకుని వెళ్లిపోయిన మనిషి వీపు గుర్తొచ్చి ఆగిపోయాను. "నేను వస్తే పిల్ల కోసం కాదక్కా, దానికి మల్ల దరఖాస్తు పెట్ట. గా మాట విన్నంక గూడ నువ్వు రమ్మంటే, అప్పుడు రాస్త" అన్నాను.

లైను ఉందో పోయిందో తెలియలేదు. పైన మేస్త్రీ సుత్తితో చువ్వలను ఒక్కొక్కటిగా కొట్టి చూస్తున్నాడు. వీటి మీద స్లాబు ఎక్కించలేమనీ, తుప్పు లోపలికి దిగిందనీ, కోసి కిందినుంచి కొత్తవి ఎత్తాలనీ మా ఆయనతో చెబుతున్నాడు. అవ్వ తన బట్టల తీగ ఎక్కడ కట్టుకోవాలని అడుగుతోంది. నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను.

"ఉన్నవా అక్కా?" అన్నాను.

"ఉన్న" అంది. "ఆలోచన చేస్తున్న."